చుట్టాల బిందె

అనగనగా ఒక ఊళ్ళో ఎవరూ నోరు తెరిచి నవ్వేవాళ్ళు కారు.

ఆ ఊరి పేరు రాళ్ళమెట్ట. నవ్వొస్తే ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మగవాళ్ళు తువ్వాలు అడ్డం పెట్టుకునేవాళ్ళు. కొంగూ తువ్వాలూ లేని పిల్లలు అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. అది చూసి పొరుగూళ్ళవాళ్ళు, రాళ్ళమెట్టవాళ్ళు ఎంత అణకువ గలవాళ్ళో అనుకునేవాళ్ళు. అణకువా లేదు, ఏమీ లేదు. వాళ్ళవి గారపళ్ళు, అంతే.

చిన్నప్పుడు అందరికీ పాలపళ్ళు మల్లెమొగ్గల్లాగే వచ్చేవి. ఆ తర్వాత అవి ఊడిపోయేవి. ఆ తర్వాత వచ్చే పళ్ళు మాత్రం పసుపు చారలతో, గోధుమరంగు మచ్చలతో, సున్నం వేసిన గోడ మీద వాననీళ్ళు కారినట్టు ఉండేవి. బూడిదతో తోమినా ఆ మచ్చలు పోవు. వేపపుల్లతో తోమినా పోవు. ఇటుకపొడితో తోమినా పోవు. ఇటుకపొడితో తోమినవాళ్ళకు మచ్చలు ఉండిపోయాయి, పళ్ళే పోయాయి.

ఎందుకిలా అంటే ఊళ్ళో మూడు మాటలు చెప్పేవాళ్ళు. ముసలివాళ్ళు శాపం అనేవాళ్ళు. వయసులో ఉన్నవాళ్ళు వక్కాకు అనేవాళ్ళు. ప్రెసిడెంటు వీరాస్వామి గాలి అనేవాడు. ఆయనకేం, మీసం అడ్డం. ఆ మీసం పై పెదవి దాటి కింది పెదవి దాకా దిగేది. అన్నం ఏ దారిన లోపలికి వెళ్తుందో ఆయన భార్యకు కూడా తెలియదు.

నీళ్ళ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఊరికంతటికీ ఒక్కటే బోరింగు. నీళ్ళేమో అద్దంలా ఉండేవి. అంత తేటగా ఉన్నవాటిని అనుమానించాలంటే మనసు ఒప్పద్దూ?

ఆ బోరింగు పక్క ఇల్లు నాంచారమ్మది. నాంచారమ్మకు మర్యాదల పట్టింపు ఎక్కువ. చుట్టం గుమ్మంలో చెప్పులు విడిచేలోపు మంచినీళ్ళ చెంబు చేతిలో ఉండాలి. అయితే పొరుగూరి చుట్టాలు ఆ బోరింగు నీళ్ళు ఒక గుక్క తాగి, రెండో గుక్క దగ్గర చెంబు కింద పెట్టేసేవాళ్ళు. నోట్లో అదోలా ఉంటాయనేవాళ్ళు. నాంచారమ్మకు తల కొట్టేసినట్టుండేది.

అందుకని ఆవిడ ఒక ఏర్పాటు చేసింది. కొడుకు ఏడుకొండలు అత్తగారి ఊరు ఏటిగడ్డ. అక్కడ ఏటి ఇసుకలో చెలమ తవ్వితే చల్లటి నీళ్ళు ఊరేవి. ఏడుకొండలు వారం వారం సైకిలు మీద వెళ్ళి ఒక ఇత్తడి బిందెడు నీళ్ళు తెచ్చేవాడు. అత్తగారింటికి వారం వారం వెళ్ళే అల్లుళ్ళు చాలామంది ఉంటారుగాని, నీళ్ళ కోసమే వెళ్తున్నామని చెప్పుకునేది వాడొక్కడే.

ఆ బిందెను నాంచారమ్మ వంటింటి మూల పీట మీద పెట్టేది. నీళ్ళలో వట్టివేళ్ళు వేసేది. మూతికి ఉతికిన గుడ్డ కట్టేది. దాని పేరు చుట్టాల బిందె. ఇంట్లోవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఒకసారి ఏడుకొండలు పొలం నుంచి దాహంతో వచ్చి, తను తెచ్చిన నీళ్ళే కదా అని ఒక గ్లాసు ముంచుకున్నాడు. "ఏ ఊరి చుట్టానివి నాయనా నువ్వు? ఎప్పుడొచ్చావు?" అని నాంచారమ్మ వారం రోజులపాటు అడిగింది.

ఆ ఇంట్లో ఒక మనవరాలు. పేరు ముత్యాలు. నిన్నమొన్ననే తల్లిపాలు మాన్పించారు. బుల్లి గ్లాసుతో బోరింగు నీళ్ళు తాగడం అప్పుడే నేర్చుకుంది. ఇంకా సిగ్గు తెలీదు కాబట్టి నోరంతా తెరిచి నవ్వేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాంచారమ్మకు సంతోషమూ కలిగేది, వెంటనే దిగులూ కలిగేది. "దేవుడా, ఈ ఒక్క పిల్లను ఇలాగే నవ్వనీ. దీని పళ్ళు ఊడి మళ్ళీ వచ్చేటప్పుడు తెల్లగా వచ్చేట్టు చూడు" అని రోజూ మొక్కుకునేది. ఊఁ కొడుతున్నావా? సరే.

అప్పుడు ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆ ఊరికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు నీరజ. ఊరూరా తిరిగి ఏళ్ళలో నీళ్ళూ, బోరింగుల్లో నీళ్ళూ సీసాల్లో పట్టుకుని, పట్నంలో పరీక్ష చేయించే ఉద్యోగం. కొత్తగా చేరింది. భుజాన సంచి, సంచి నిండా సీసాలు.

"పెద్దమ్మా, మీ ఊరి నీళ్ళు చూడ్డానికి వచ్చాను. ఒక సీసాడు పట్టుకుంటాను" అంది.

చూడ్డానికి వచ్చాను అన్నమాట నాంచారమ్మ చెవిలో ఇంకోలా పడింది. చూడ్డానికి వచ్చామని పెళ్ళివారంటారు. పెళ్ళివారొస్తే పిల్లను కలుపు తీసే చేలోంచి అలాగే తీసుకొచ్చి కూర్చోబెడతామా? తల దువ్వి, పూలు పెట్టి కదా చూపిస్తాం.

"ఎండలో నువ్వెందుకు కొడతావు తల్లీ ఆ బోరింగు! అరుగు మీద కూర్చో. సీసా ఇలా ఇవ్వు. ముందు మజ్జిగ తాగు" అంది నాంచారమ్మ.

సీసా ఎప్పుడూ తన చేత్తోనే నింపాలని ఆ అమ్మాయికి చదువు చెప్పినవాళ్ళు చెప్పే ఉంటారు. కానీ ఆ మజ్జిగలో అల్లం ఉంది, కరివేపాకు ఉంది. నీరజ అరుగు మీద కూర్చుంది.

అప్పుడు నాంచారమ్మ లోపలికి వెళ్ళి, చుట్టాల బిందె గుడ్డ విప్పి, సీసా నింపి, పైన తుడిచి మరీ తెచ్చి ఇచ్చింది. ఆవిడకు మోసమన్న ఆలోచనే లేదు. చుట్టం నీళ్ళడిగింది, చుట్టాల నీళ్ళిచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నీరజ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో ఆకుపచ్చ రంగు డబ్బా ఉంది. వచ్చీ రాగానే బోరింగు మెడకు పచ్చటి పట్టీ వేసింది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ బోరింగులకు ఎర్ర పట్టీ వేయాల్సి వచ్చిందట. రాళ్ళమెట్ట ఒక్కదానికే పచ్చ.

"ఇంత మంచి నీళ్ళు ఈ పక్కనెక్కడా లేవండీ. ఒక్కటే అర్థం కాలేదు. వీటికి వట్టివేళ్ళ వాసన వస్తోందేమిటి?" అని అడిగింది.

నాంచారమ్మ చెప్పబోయింది. నోరు తెరిచేలోపే వీరాస్వామి అందుకున్నాడు. "మా నేల గుణం అమ్మాయ్! మా తాతల నాటి నుంచీ ఇదే వాసన" అన్నాడు. ఆయన తాతల నాటికి ఆ బోరింగే లేదు. అయినా చుట్టూ చేరినవాళ్ళంతా అవునవునని తలలూపారు. అప్పటికప్పుడు అందరి ముక్కులకూ ఆ వాసన తగిలింది కూడా.

ఆ రోజు నుంచి ఊరి నడకే మారిపోయింది. వీరాస్వామి బోరింగు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మంగలి సుబ్బులు, ఆ నీళ్ళతో గడ్డం గీస్తే మొహం మెరుస్తుందని చెప్పుకున్నాడు. ఎర్ర పట్టీ ఊళ్ళవాళ్ళు కావిళ్ళు వేసుకుని నీళ్ళకు రావడం మొదలుపెట్టారు. వాళ్ళు రెండో గుక్క దగ్గర ఆగి మొహమొహాలు చూసుకునేవాళ్ళు. అయినా పచ్చ పట్టీ ఉంది కదా అని కళ్ళు మూసుకుని తాగేవాళ్ళు.

నాంచారమ్మకు అప్పుడప్పుడూ లోపల కలుక్కుమనేది. చెప్పేద్దామా అనుకునేది. ఈలోగా ఎవరో ఒకరు వచ్చి, "నాంచారమ్మత్తా, నీ చేత్తో ఇచ్చిన నీళ్ళే కదా పచ్చ పట్టీ తెచ్చాయి!" అనేవాళ్ళు. రేపు చెప్దాంలే అనుకునేది.

అప్పుడు ఏటిగడ్డ నుంచి వియ్యపురాలు రామతులశమ్మ మనవరాల్ని చూడ్డానికి వచ్చింది. ఆవిడ నాలుక సంగతి రెండు ఊళ్ళకూ తెలుసు.

"ఏం వదినా, మీ నీళ్ళు గొప్పవని ఎక్కడ విన్నా అదే మాట. మరి మా అల్లుడు ఇంకా మా చెలమ దగ్గరికి ఎందుకొస్తున్నట్టు?"

"అత్తగారంటే వాడికి ప్రాణం వదినా" అంది నాంచారమ్మ.

"అలాగా! వచ్చి నాతో ఒక్క మాటన్నా మాట్లాడడే. బిందె నింపుకుని పోతాడు" అంది రామతులశమ్మ. అని చుట్టాల బిందెలో నీళ్ళు గడగడా తాగి, "బాగున్నాయి. మా ఇంట్లో తాగినట్టే ఉంది" అని నవ్వింది. ఆవిడ మాత్రం నోరు తెరిచే నవ్వింది. ఏటి నీళ్ళు తాగిన పళ్ళు మరి.

ఆ తర్వాత వేసవి వచ్చింది. ఏటి నుంచి ఊళ్ళకు నీళ్ళ గొట్టాలు వేస్తున్నారు. కందకం తవ్వుకుంటూ తవ్వుకుంటూ పనివాళ్ళు రాళ్ళమెట్ట పొలిమేర దాకా వచ్చారు. ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. చంకలో ముత్యాలుతో నాంచారమ్మ కూడా వెళ్ళింది. కందకం సరిగ్గా ఊరి మొదటి ఇంటి దగ్గరికొచ్చి, పక్కకు తిరిగి, అవతలి ఊరి వైపు వెళ్ళిపోయింది.

పనివాళ్ళ వెంట నీరజ కూడా ఉంది. "ఇదేమిటి అమ్మాయ్, గుమ్మం దాకా వచ్చి అటు తిరిగిపోయింది?" అని అడిగాడు వీరాస్వామి.

"మీకెందుకండీ? ఎర్ర పట్టీ ఊళ్ళకే ఈ గొట్టాలు. మీ నీళ్ళు బంగారం కదా" అంది నీరజ.

వీరాస్వామి మీసం దువ్వుకున్నాడు. నీళ్ళు బంగారమంటే ఎవరికి చేదు?

అప్పుడు ముత్యాలు నీరజను చూసి కిలకిలా నవ్వింది. నీరజ దాని బుగ్గ పుణికి, "ఎంత బాగున్నాయమ్మా నీ పళ్ళు!" అంది. తర్వాత నాంచారమ్మతో, "మీరు అదృష్టవంతులు పెద్దమ్మా. ఆ ఊళ్ళల్లో నీళ్ళలో ఫ్లోరైడని ఒకటుంది. కంటికి కనబడదు. ఈ పాలపళ్ళను అదేమీ చెయ్యదు. కానీ వీటి కింద, చిగుళ్ళ లోపల, అసలు పళ్ళు ఇప్పుడే తయారవుతుంటాయి. పిల్ల ఇప్పుడు తాగే నీళ్ళే ఆ పళ్ళకు రంగు. నీళ్ళు చెడ్డవైతే గారపళ్ళు వస్తాయి. పెద్దయ్యాక మోకాళ్ళు కూడా పట్టేస్తాయి. మీ మనవరాలికి ఆ భయం లేదు" అంది.

ముత్యాలు చేతిలో బుల్లి గ్లాసు ఉంది. గ్లాసు నిండా బోరింగు నీళ్ళున్నాయి. అది గ్లాసు ఎత్తి నోటి దగ్గర పెట్టుకుంది.

నాంచారమ్మ గబుక్కున ఆ గ్లాసు లాక్కుని నీళ్ళు కందకంలోకి పారబోసింది. పిల్ల కెవ్వుమంది.

"ఏమైంది పెద్దమ్మా?" అంది నీరజ.

"ఆ రోజు నేను నీకిచ్చినవి మా నీళ్ళు కావు తల్లీ. మా వియ్యపురాలి ఊరి నీళ్ళు. చుట్టానివని, చుట్టాల బిందెలోవి ఇచ్చాను."

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. "అత్తా! ఊరి పరువేం కాను?" అని వీరాస్వామి గోల పెట్టాడు. "పెద్దావిడ ఏదో మతిమరుపుతో అంటోంది. మా నీళ్ళు మంచివే అమ్మాయ్. నువ్వెళ్ళు, పని చూసుకో" అన్నాడు.

"పరువు నువ్వు తాగరా వీరాస్వామీ. నీకు మీసం ఉంది, దాచుకుంటావు. నా మనవరాలికి మీసమెక్కడి నుంచి తేను?" అంది నాంచారమ్మ.

నీరజ ఎవరి మాట నమ్మాలో తెలియక నిలబడింది. రెండుసార్లు వచ్చినా ఆ ఊళ్ళో ముత్యాలువి తప్ప ఒక్కరి పళ్ళు కూడా ఆమె చూడలేదు. అంత అణకువ గల ఊరు మరి.

అప్పుడు నాంచారమ్మ మూతికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినా ఊళ్ళోనే ఉన్న సొంత మేనమామ కొడుకును చేసుకుంది కాబట్టి, పుట్టిందీ పెరిగిందీ ఆ నీళ్ళతోనే. పరాయివాళ్ళ ముందు ఆవిడ ఎప్పుడూ నోరు పూర్తిగా తెరవలేదు. ఇప్పుడు తెరిచింది. ముందు పళ్ళు, దవడ పళ్ళు, అన్నీ కనబడేట్టు ఎండకేసి తిప్పి తెరిచింది.

"ఇదిగో అమ్మా, ఇవీ మా నీళ్ళు" అంది.

ఆ తర్వాత ఏడుకొండలు తువ్వాలు తీశాడు. వాడి పక్కనున్నవాళ్ళు తీశారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగులు దింపారు. వీరాస్వామి అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి రెండు చేతులా మీసం పైకెత్తి పట్టుకున్నాడు. ఆయనకు పెదవులున్నాయని ఊరికి అప్పుడే రూఢి అయింది.

అప్పుడు నీరజ బోరింగు దగ్గరికి వెళ్ళి తన చేత్తో తనే కొట్టి ఒక సీసా నింపుకుంది. చుట్టాల బిందెలోంచి కూడా తనే ముంచి ఇంకో సీసా నింపుకుంది. సంచిలోంచి ఎర్రటి మందు తీసి రెంటిలోనూ చుక్కలు వేసింది. బిందె నీళ్ళు గులాబి రంగులో అలాగే ఉన్నాయి. బోరింగు నీళ్ళు చూస్తుండగానే పసుపు నీళ్ళలా మారిపోయాయి.

"పసుపు శుభమే కదా అమ్మాయ్?" అన్నాడు వీరాస్వామి ఆశగా.

"ఈ పసుపు శుభం కాదండీ."

"పోనీ, కాచి చల్లార్చితే?"

"ఫ్లోరైడు పోదండీ. ఇంకా చిక్కబడుతుంది."

నాంచారమ్మకు ఆ రంగులేవీ పట్టలేదు. ఆవిడ అడగాల్సింది ఒకటే ఉంది. "తల్లీ, తల్లిపాలు మాన్పించిన దగ్గర్నుంచీ ఈ పిల్ల అవే తాగింది. లోపలి పళ్ళు పాడైపోయాయా?"

నీరజ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నిన్నమొన్నటిదాకా తల్లిపాలే కదా పెద్దమ్మా. పాలతో ఆ భయం లేదు. ఇప్పుడే నీళ్ళు మార్చేస్తే మంచే జరుగుతుంది. ఖాయంగా అయితే ఇప్పుడు చెప్పలేను. పళ్ళొచ్చినప్పుడే తెలుస్తుంది" అంది.

ఆ రోజు సాయంత్రమే నీరజ ఆకుపచ్చ పట్టీ గీకేసి ఎర్ర పట్టీ వేసింది. కావిళ్ళతో వచ్చినవాళ్ళకు ఇక ఆ నీళ్ళు తాగొద్దని తనే చెప్పింది. గొట్టాల పనివాళ్ళు కందకాన్ని మళ్ళీ రాళ్ళమెట్ట వైపు తిప్పడానికి కాగితాలు పైకి వెళ్ళాలి, కిందికి రావాలి. అందాకా ఎలా?

చుట్టాల బిందెకు ఆ రోజుతో పేరు మారిపోయింది. ముత్యాలు బిందె అన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళూ, వచ్చిన చుట్టాలూ బోరింగు నీళ్ళే తాగారు. పీట మీది బిందె పిల్లదే. చుట్టాలకు బోరింగు నీళ్ళిస్తూ నాంచారమ్మ, "రెండో గుక్క దగ్గర ఆపెయ్యండి, ఏమీ అనుకోను" అని ముందే చెప్పేసేది.

ఇది విని రామతులశమ్మ పరుగున వచ్చింది. నాంచారమ్మ ఆవిడ చేతికి కూడా బోరింగు నీళ్ళ చెంబే ఇచ్చింది. రామతులశమ్మ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఇవేనా వదినా గొప్ప నీళ్ళు?"

"ఇవే వదినా. దాచడానికి ఇక ఓపిక లేదు. బిందెలోవి నీ మనవరాలికి."

రామతులశమ్మ దగ్గర వెటకారాలు చాలా ఉన్నాయి. ఆ రోజు ఒక్కటీ బయటికి తీయలేదు. మర్నాటి నుంచి ఏటిగడ్డ నుంచి ఎడ్లబండి మీద పీపాలతో చెలమ నీళ్ళొచ్చాయి. ముత్యాలుకే కాదు, ఊళ్ళో పళ్ళు రావాల్సిన పిల్లలందరికీ వచ్చాయి. వెటకారాలు మాత్రం బండివాడితో పంపేది. "మా వదినగారు నీళ్ళు బాగున్నాయన్నారా, బంగారమన్నారా, కనుక్కుని రా" అనేది.

ఆ తర్వాత గొట్టం వచ్చింది. కొళాయి వచ్చింది. మొదటి ధార కింద చెయ్యి పెట్టినవాడు వీరాస్వామే. అదంతా తన పలుకుబడి అని ఇప్పటికీ చెప్పుకుంటాడు. నీరజ ప్రతి కాలానికీ ఒకసారి వచ్చి ఏటి నీళ్ళూ, కొళాయి నీళ్ళూ, బోరింగు నీళ్ళూ పట్టుకెళ్ళేది. ముందు సీసాలు నింపి, మూత బిగించి, సంచిలో పెట్టుకుని, ఆ తర్వాతే మజ్జిగ తాగేది.

నాంచారమ్మ మాత్రం లెక్కపెట్టని రోజు లేదు. ముత్యాలు పెరిగింది. బడికి వెళ్ళింది. ఒకరోజు ముందుపన్ను కదిలింది. అప్పుడు అది ఊడింది. పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసిరారు. ఆ తర్వాత చిగురు ఎర్రగా, బోసిగా ఉండిపోయింది. నాంచారమ్మ పొద్దున్న లేచి చూసేది, మధ్యాహ్నం చూసేది, దీపాలవేళ చూసేది. "ఆఁ అనవే" అంటే ముత్యాలు ఆఁ అనేది. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా వచ్చి ఆఁ అనిపించేవాళ్ళు. నోరు మూసుకునే ఖాళీ పిల్లకు దొరికేది కాదు.

అప్పుడు ఒక ఉదయం చిగురు చీల్చుకుని చిన్న అంచు కనబడింది. నాంచారమ్మ పిల్లను వాకిట్లోకి తీసుకొచ్చి, ఎండకేసి తిప్పి, కొంగుతో ఆ అంచు తుడిచి చూసింది.

తెల్లగా ఉంది. అప్పుడే ఒలిచిన కొబ్బరి ముక్కంత తెల్లగా ఉంది.

అంచున ఆవగింజంత చుక్క ఉందేమో అన్నాడు వీరాస్వామి. ఆయన కళ్ళు అంతే, పట్టించుకోకు.

నాంచారమ్మ అరుగు మీద చతికిలబడింది. ఇన్నేళ్ళ బరువు దిగిపోయి, ఏడుపొస్తుందనుకుంది. నవ్వొచ్చింది. కొంగు చేతిలోనే ఉంది. అయినా అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది. గారపళ్ళన్నీ బయటపెట్టి, వీధి చివరి దాకా వినబడేట్టు నవ్వింది. అది చూసి ముత్యాలు నవ్వింది. ముత్యాలును చూసి ఊరంతా నవ్వింది.

ఇక నువ్వు ఆ కదిలే పన్నును నాలుకతో తొయ్యకు. అదే ఊడుతుంది. పొద్దున్న చూద్దాంలే. పడుకో నా బంగారు.

కథ నడిచింది కంచికి,
కడవ చేరింది ఇంటికి,
మెరుపు వచ్చింది పంటికి,
నిద్ర రావాలి కంటికి.